వార్ట్‌బుర్గ్ కొండెక్కి వచ్చినవాళ్లు

దగ్గరికి జరగండిరా, పొగ అటు కొడుతోంది. ఒరేయ్ పెద్దోడా, ఆ పత్తికట్టె ఇంకో నాలుగు ఎగదొయ్యి. ఎప్పుడూ కొండవీటి కథలేనా అమ్మమ్మా అని మీ చెల్లి మూతి ముడుచుకుంది గదా! సరే, ఇవాళ మీ పిన్ని ఉండే జర్మనీలో కోట ముచ్చట చెప్తాను. దాని పేరు వార్ట్‌బుర్గ్. బడిలో ఇన్నేళ్లు చరిత్ర చెప్పినదాన్ని, ఆ కోట గురించి ముందే చదువుకున్నాను. పిన్ని దగ్గరికి వెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పులని కూడా చూడకుండా ఎక్కి చూసొచ్చాను. ఎక్కాక ఒక సంగతి నా మనసులో పడిపోయింది. ఆ కోట కట్టించిన దొరల పేర్లు అక్కడివాళ్లలోనే చాలామందికి తెలియవు. బయట నుంచి ఆ కొండెక్కి వచ్చినవాళ్ల పేర్లు మాత్రం ప్రపంచమంతా తెలుసు. వాళ్ల కథలే ఇవాళ చెప్తాను.

జర్మనీకి సరిగ్గా నడిమధ్యన తూరింగియా అని ఒక సీమ ఉంది. అంతా అడవులూ కొండలూను. అందులో ఐజెనాఖ్ అనే ఊరు. సంగీతంలో మహానుభావుడు బాఖ్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1685లో. ఊరికి ఆనుకునే కొండ, దాని నెత్తిన కోట. సముద్ర మట్టానికి 411 మీటర్ల ఎత్తు. కొండ కొస సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి కోట కూడా అట్లాగే సన్నగా పొడుగ్గా సాగింది. ముందు ఒక వాకిలి, ఆ వెనక ఇంకో వాకిలి. ముందు వాకిట్లో కర్ర చట్రాల మధ్య మట్టి మెత్తి కట్టిన ఇళ్లు, వెనక వాకిట్లో రాతితో కట్టిన పెద్ద మేడ. అంత కోటకీ బావి లేదు! రాయి తొలిచి నీళ్లు పట్టడం వాళ్లవల్ల కాలేదు. వాన నీళ్లు తొట్టిలో పట్టుకునేవాళ్లు, మిగతావి కింద నుంచి గాడిదల మీద మోయించుకునేవాళ్లు. ఆ గాడిదలు ఇప్పటికీ ఉన్నాయి, చిన్నపిల్లల్ని ఎక్కించుకుని కొండెక్కుతుంటాయి.

కట్టిందెవరు అంటావా? లూద్విగ్ అనే దొర. గెంతిన లూద్విగ్ అంటారు ఆయన్ని. హాల్లె అనే ఊళ్లో నది ఒడ్డున ఎత్తయిన కోటలో ఆయన్ని బంధిస్తే, కిటికీలోంచి కింద సాలె నదిలోకి దూకి తప్పించుకున్నాడని కథ. ఈ హాల్లె పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1067లో ఈ కొండ చూసి మనసు పడ్డాడట. ఏం లాభం, ఆ నేల ఆయనది కాదు! అప్పుడేం చేశాడంటే, తన సొంత పొలంలోంచి మట్టి తవ్వించి, తట్టలతో మోయించి ఆ కొండ మీద పోయించాడట. తగువొచ్చినప్పుడు పన్నెండుమంది భటులు ఆ మట్టిలో కత్తులు గుచ్చి, మేం నిలబడింది మా దొర సొంత నేల మీదే అని ప్రమాణం చేశారట. ఇది జనం చెప్పుకునే కథ సుమా, రాతకోతలున్న సంగతి కాదు. కానీ ఎందుకు పుట్టి ఉంటుందో ఆలోచించండి. సొంతం కాని చోట కట్టారన్న మాట ఊళ్లో ఎక్కడో మిగిలే ఉంటుంది.

రాతలో ఈ కోట పేరు మొదట కనిపించేది 1080లో జరిగిన సంగతిలో. అప్పుడు చక్రవర్తి కాబోయే నాలుగో హెన్రీకీ సాక్సన్లకీ యుద్ధం జరుగుతోంది. రాజు మనుషులు ఆ చలికాలంలో అలిసిపోయి వార్ట్‌బుర్గ్ దగ్గర ఆగి, కాస్త తిందామని కూర్చున్నారు. కోటలోవాళ్లు పైనుంచి దిగి మీద పడి ఉన్నదంతా దోచుకుపోయారు. ఏమేం దోచారో బ్రూనో అనే ఆయన రాసిపెట్టాడు. గుర్రాలు, ఆయుధాలు, వెండి బంగారు గిన్నెలు, పట్టుబట్టలు, వాటితోపాటు మిరియాలు! నవ్వకండిరా. ఆ రోజుల్లో మిరియాలంటే మన దేశం నుంచి, మలబారు తీరం నుంచి, సముద్రాలు దాటి చేతులు మారుతూ పోవాలి. అంత దూరం పోయేసరికి వాటి ధర కొండెక్కి కూర్చునేది. బంగారు గిన్నెల సరసన మిరియాల్ని కూడా లెక్క రాశారంటే వాటి విలువ ఎంతో చూడండి. ఆ కోట పేరు మొదటిసారి కాగితం మీదికెక్కింది ఒక దోపిడీతో. ఆ దోపిడీలో మన మిరియాలున్నాయి.

తర్వాత ఆ వంశం బాగా ఎదిగింది. వాళ్లకి లాండ్‌గ్రాఫ్ అనే బిరుదొచ్చింది. రాజు కిందే, కానీ తన సీమకి తనే రాజు లాంటివాడు. 1150ల చివర్లో ఆ పెద్ద రాతి మేడ మొదలుపెట్టారు. మూడంతస్తులు, ముఖాన వరసగా చిన్న చిన్న కమానులు, వాటి మధ్య స్తంభాలు. ఒక్కో స్తంభం తల మీద ఒక్కో చెక్కడం, ఆకులో, గద్దలో, వింత జంతువులో. హెర్మన్ అనే లాండ్‌గ్రాఫ్ కాలానికి అక్కడ కవులకి ఎప్పుడూ విస్తరి వేసే ఉండేది. వాల్టర్ ఫొన్ డెర్ ఫోగెల్‌వైడె, వోల్ఫ్‌రామ్ ఫొన్ ఎషెన్‌బాఖ్ లాంటి మహాకవులు ఆయన ఆదరణలో గడిపారు. రాత్రీ పగలూ వచ్చేపోయేవాళ్ల గోలతో హోరెత్తిపోయే ఇల్లది అని వాల్టర్ తన పద్యంలోనే మొత్తుకున్నాడు.

అక్కడ కవుల పోటీ జరిగిందని ఒక కథ. ఓడినవాడికి తలారి చేతిలో చావే. ఓఫ్టర్‌డింగెన్ అనే కవి ఓడిపోయి, పరుగున వెళ్లి దొరసాని అంగీ కింద దాక్కున్నాడట. తీర్పు చెప్పడానికి హంగరీ నుంచి క్లింగ్సోర్ అనే మంత్రగాణ్ని పిలిపించారట. ఆయన ఒక రాత్రి నక్షత్రాలు చూసి, ఈ రాత్రే హంగరీ రాజుకి ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్ల ఈ కోటకే కోడలై వస్తుంది అన్నాడట. పోటీ కథ తర్వాతివాళ్లు అల్లినది. పిల్ల మాత్రం నిజం. ఇక చెప్పేది ఆ పిల్ల కథే.

పేరు ఎలిజబెత్. 1207లో పుట్టింది, హంగరీ రాజు రెండో ఆండ్రూ కూతురు. 1211లో, నాలుగేళ్లప్పుడు, ఫలానా వాళ్లింటి కోడలివని చెప్పి ఈ దేశానికి పంపేశారు. చిన్నదానా, నీకంటే చిన్నపిల్ల! భాష తెలియదు, మనుషులు తెలియదు. ఆడుకోవడానికి తోడుగా గూడా అనే అయిదేళ్ల పిల్ల ఒకతె. రెండేళ్లకే అక్కడ ఈమె తల్లిని చంపేశారు. ఇక్కడ పెళ్లనుకున్న కుర్రాడు కూడా చచ్చిపోయాడు. పిల్లని వెనక్కి పంపేద్దామని కొందరు అన్నారు కూడా. అప్పుడు రెండోవాడు, లూద్విగ్, నేను చేసుకుంటానన్నాడు. 1221లో ఐజెనాఖ్ చర్చిలో పెళ్లి. ఆమెకి పద్నాలుగు, ఆయనకి ఇరవై ఒకటి. పెద్దలు కుదిర్చిన పెళ్లే అయినా ఇద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టుకున్నారు. ఆయన ఊరెళ్తే నల్లబట్ట కట్టుకునేది, వస్తున్నాడంటే ముస్తాబై ఎదురెళ్లేది.

ఆమెతో ఉన్న చెలికత్తెలు తర్వాత పెద్దల ముందు సాక్ష్యం చెప్పారు. అందులో ఒక ముక్క నేనెప్పటికీ మర్చిపోలేను. బంతిలో కూర్చున్నాక ఆమె ముందు అడిగేది, ఈ తిండి ఎక్కడినుంచి వచ్చింది అని. పేద రైతుల దగ్గర అన్యాయంగా గుంజుకొచ్చిన ధాన్యమో మాంసమో అయితే ముట్టేది కాదు. న్యాయంగా వచ్చిన రాబడిలోది అంటేనే తినేది. బల్ల నిండా వంటకాలున్నా, ఒక్కోరోజు ఏ రొట్టెముక్కతోనో సరిపెట్టుకుని ఆకలితో లేచేది. భర్త ఏమీ అనకపోగా, లోకులు ఏమనుకుంటారోనని గానీ లేకపోతే నేనూ నీలాగే ఉండేవాణ్ని అనేవాడట. పెద్దింటి కోడలు కంచం ముందు కూర్చుని ఆ మాట అడగాలంటే ఎంత గుండె ఉండాలి!

1226లో కరువొచ్చింది. లూద్విగ్ చక్రవర్తి పని మీద ఇటలీలో ఉన్నాడు. జనం కొండ కిందికి వచ్చి పడ్డారు. ఎలిజబెత్ గాదెల తలుపులు తీయించింది. రోజూ ఆ రోజుకి సరిపడా కొలిచి ఇప్పించేది. తన నగలూ బట్టలూ అమ్మేసింది. కొండ కింద ఒక ఆసుపత్రి కట్టించింది. ఎందుకు కిందంటే, రోగులు అంత ఎత్తు ఎక్కి రాలేరు కాబట్టి. వాళ్లు ఎక్కలేరు, అందుకని దొరసానే దిగేది. అంత నిటారు దారిన రోజుకి రెండు సార్లు దిగి, చీము కారే పుండ్లు తన చేత్తో కడిగేది. కొత్త పంట కోతకొచ్చాక ఇంకో పని చేసింది. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లని పిలిచి తలా ఒక చొక్కా, కొయ్యకాళ్లు గుచ్చుకోకుండా చెప్పులు, ఒక కొడవలి ఇచ్చి కోతకి పంపింది. ఇక మీ కూడు మీరే సంపాదించుకోండమ్మా అని. పెట్టి కూర్చోబెట్టడం కాదు, లేచి నిలబడేదాకా పెట్టింది. మనం పొలం పనులు ఎరిగినవాళ్లం, ఆ చెప్పుల విలువ మనకి తెలుసు.

భర్త తిరిగొచ్చాక ఠాణేదార్లు చాడీలు చెప్పారు, మీ ఇల్లాలు గాదెలన్నీ ఊడ్చిపెట్టిందని. కోటలు నా చేతిలో ఉన్నాయి గదా, ఆవిణ్ని ఇవ్వనివ్వండి అన్నాడట ఆయన. గులాబీల కథ విన్నారా? బుట్టలో రొట్టెలు పెట్టుకుని దిగుతుంటే, ఏమిటవి అని అడిగారట, గుడ్డ తీస్తే రొట్టెలన్నీ గులాబీలై ఉన్నాయట. అది చాలా కాలం తర్వాత పుట్టిన కథ. బొమ్మలేసేవాళ్లంతా ఆ గులాబీలే వేస్తారు. నన్నడిగితే కొడవలీ చెప్పులూ వేయాలి.

1227లో లూద్విగ్ క్రూసేడు యుద్ధానికని బయల్దేరి, దారిలోనే, ఒట్రాంటో రేవులో, జ్వరంతో పోయాడు. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు, నిండు చూలాలు. మూడో బిడ్డ పుట్టాక ఆ చలికాలంలో పిల్లల్ని తీసుకుని కోట దిగిపోయింది. మరిది హైన్‌రిఖ్ రాస్పె వెళ్లగొట్టాడని కొందరంటారు, అన్యాయపు తిండి తినలేక తనే దిగిందని కొందరంటారు. ఎట్లాగైనా, ఎవరికైతే గాదెలు తీసి పెట్టిందో ఆ ఊళ్లోనే ఆ రాత్రి తల దాచుకోవడానికి ఒక పందుల దొడ్డి దొరికింది. తర్వాత మార్బుర్గ్ వెళ్లి అక్కడో ఆసుపత్రి పెట్టి, రోగుల సేవలోనే 1231లో కన్నుమూసింది. ఇరవై నాలుగేళ్లు! నాలుగేళ్లు తిరక్కుండానే, 1235లో, పోపు ఆమెని పునీతురాలిగా ప్రకటించాడు. మరి ఆ మరిదో? జర్మనీకి పోటీ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు, ఏడాది తిరక్కుండా 1247లో ఆ కోటలోనే చచ్చిపోయాడు. పిల్లల్లేరు. వంశం ఆగిపోయింది. ఆస్తి కోసం అటువాళ్లూ ఇటువాళ్లూ పదిహేడేళ్లు కొట్టుకున్నారు. చివరికి తూరింగియా వెట్టిన్ వంశానికి పోయింది, హెస్సె సీమ ఎలిజబెత్ కూతురు సోఫీ కొట్లాడి తన కొడుక్కి దక్కించుకుంది. ఈ హెస్సె కూడా గుర్తు పెట్టుకోండి.

వెట్టిన్‌ల కాలంలోనూ ఒక ఇల్లాలు ఏడుస్తూ ఆ కోట దిగింది. మార్గరెట్ అని, చక్రవర్తి కూతురు. మొగుడు ఇంకోదాని వ్యామోహంలో పడితే, ప్రాణభయంతో 1270లో రాత్రికి రాత్రి పారిపోయింది. వెళ్లబోతూ కొడుకుని ముద్దుపెట్టుకుంటూ ఆ బాధలో వాడి బుగ్గ కొరికేసిందని చెప్పుకుంటారు. వాడే పెద్దయ్యాక కాటుబుగ్గ ఫ్రెడరిక్ అని పేరుపడ్డాడు. ఆయన కాలంలోనే కోట మీద పిడుగు పడి చాలా భాగం తగలబడితే మళ్లీ కట్టించాడు.

ఇక రెండొందల ఏళ్లు దాటేస్తాను. 1521, మే 4. తూరింగియా అడవిలో ఒక బండి పోతోంది. ఉన్నట్టుండి గుర్రాల మీద మనుషులొచ్చి, బండిలో ఉన్న సన్యాసిని లాక్కుపోయారు. చంపేశారనుకున్నారు లోకులు. ఆ సన్యాసి మార్టిన్ లూథర్. మనం ఆదివారం వెళ్లే చర్చికి ఎవరి పేరుందో, ఆయనే. వోర్మ్స్ పట్నంలో చక్రవర్తి అయిదో చార్లెస్ ఎదుట నిలబడి, నేను రాసింది నేను కాదనను అని వచ్చాడు. ఇక ఎవరు చంపినా అడిగే దిక్కు లేకుండా చేయబోతున్నారు. అప్పుడు సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ తన మనుషుల చేతే ఎత్తుకుపోయినట్టు నాటకం ఆడించి, ఆ రాత్రి వార్ట్‌బుర్గ్‌కి చేర్పించాడు.

ముందు వాకిట్లో కర్ర ఇళ్లన్నాను చూశారా, అందులో ఒక గదిలో ఉంచారు. గుండు మీద జుట్టు పెరిగేదాకా, గడ్డం వచ్చేదాకా బయటికి రానివ్వలేదు. తర్వాత నడుముకి కత్తి కట్టి, సైనికుడి బట్టలేసి, యోర్గ్ దొర అని పేరు మార్చారు. ఆ గది నేను చూశాను. చెక్క గోడలు, ఒక బల్ల, ఒక కుర్చీ, కాళ్లు పెట్టుకోవడానికి తిమింగలం వెన్నుపూస ఒకటి. ఆ వెన్నుపూస ఆయన నాటిదేనంటారు. అంతే. ఆయనకి అక్కడ బొత్తిగా తోచలేదు. ఒళ్లు బాగుండేది కాదు, నిద్ర పట్టేది కాదు, పక్షుల రాజ్యంలో ఉన్నాను అని ఉత్తరాలు రాసేవాడు. ఒకరోజు కోటవాళ్లు వేటకి తీసుకెళ్లారు. ఒక చిన్న కుందేలు ప్రాణంతో దొరికితే, కాపాడదామని తన చొక్కా చేతిలో చుట్టి పక్కన దాచాడట. కుక్కలు వాసన పట్టి, గుడ్డ మీదనుంచే కొరికి చంపేశాయి. దాని మీద ఆయన స్నేహితుడికి పెద్ద ఉత్తరం రాశాడు. తనూ అట్లా దాచిపెట్టిన ప్రాణమే గదా, ఎంత గుచ్చుకుని ఉంటుందో ఆయనకి!

ఊరికే కూర్చోలేక ఆ డిసెంబరులో ఒక పని ఎత్తుకున్నాడు. కొత్త నిబంధన మొత్తం జర్మన్‌లో పెట్టడం. అంతకుముందు జర్మన్‌లో బైబిళ్లు లేకపోలేదు, అచ్చయ్యాయి కూడా. కానీ అవి లాటిన్ నుంచి మాటకి మాట దింపినవి, చదివితే నోరు తిరిగేది కాదు. లూథర్ ఎరాస్మస్ పండితుడు అచ్చు వేయించిన గ్రీకు పుస్తకం ముందు పెట్టుకున్నాడు. ఇంట్లో తల్లి ఎట్లా మాట్లాడుతుంది, వీధిలో పిల్లలు ఎట్లా అరుచుకుంటారు, సంతలో మనిషి ఎట్లా బేరమాడతాడు, ఆ నోళ్లు చూసి రాయాలన్నది ఆయన పద్ధతి. సుమారు 11 వారాల్లో పూర్తి చేశాడు. 1522 మార్చి 1న కోట దిగి విట్టెన్‌బెర్గ్ వెళ్లిపోయాడు. సెప్టెంబరులో పుస్తకం అచ్చయింది. దాదాపు 3000 ప్రతులు ఇట్టే అమ్ముడుపోతే డిసెంబరులో మళ్లీ వేశారు. ఊరికో యాసగా ఉన్న జర్మన్‌లకి అందరూ చదువుకునే ఒక రాత భాష స్థిరపడటానికి ఆ పుస్తకం చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఆ గదిలో సైతాను కనిపిస్తే సిరాబుడ్డి విసిరికొట్టాడని, గోడ మీద ఆ మరక ఉందని పుట్టించారు. చూడవచ్చినవాళ్లు పవిత్రమని ఆ సున్నం గీక్కుపోయేవాళ్లు, కోటవాళ్లు మళ్లీ మరక పూసేవాళ్లు. ఇప్పుడు మరక లేదు. మరక పోతే పోయింది, ఆయన సిరా ఎక్కడ ఖర్చయిందో మనకి తెలుసు. అది మన దాకా కూడా వచ్చింది. ఇందాక హాల్లె అన్నాను గదా! ఆ ఊరి నుంచే బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ పాదిరి 1719లో తరంగంబాడి వచ్చి, తర్వాత మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలు తెలుగు చేశాడు. తిరిగి వెళ్లాక 1740ల్లో అదే హాల్లెలో తెలుగు అక్షరాలతో చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలు అవే అంటారు. 1842లో మన గుంటూరుకి వచ్చిన హయ్యర్ పాదిరిగారు కూడా జర్మనీలో పుట్టినవాడే. ఎవరి భాషలో వాళ్లు చదువుకోవాలన్న పట్టుదల లేకపోతే మన తాతముత్తాతలు పలక పట్టేవాళ్లే కాదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది, మనసుకి హాయిగా ఉంటుంది. కానీ ఆపితే తప్పవుతుంది. ఆ కోటలోనే, లూథర్ వెళ్లిన ఇరవై ఏళ్ల లోపే, ఇంకొకాయన్ని పెట్టారు. పేరు ఫ్రిట్జ్ ఎర్బె. దగ్గర్లో హెర్డా అనే పల్లెలో రైతు. బాప్తిస్మమంటే మనిషి తెలిసి తను ఒప్పుకుని తీసుకోవాల్సింది, పాలుతాగే బిడ్డకి ఇవ్వడమేమిటి అని నమ్మాడు. తన బిడ్డకి ఇప్పించనన్నాడు. అంతే ఆయన చేసిన నేరం. అప్పటికి ఆ సీమలో పాలకులంతా లూథర్ మార్గంలోకి వచ్చేశారు. సాక్సనీ పాలకుడు చంపాల్సిందే అన్నాడు. ఆ ఊరి మీద హెస్సె పాలకుడు ఫిలిప్‌కి కూడా సగం అధికారం ఉంది. ఆయన, నమ్మకం కోసం మనిషి ప్రాణం తీయడానికి నేను ఒప్పుకోను అన్నాడు. ఆ ఫిలిప్ ఎవరో చెప్పమంటారా? మన ఎలిజబెత్ కూతురి వంశంలోనివాడు!

చంపడం కుదరక, చచ్చేదాకా బంధించారు. ముందు 1533 నుంచి ఐజెనాఖ్ ఊరి గోడ బురుజులో. రాత్రిళ్లు జనం వచ్చి గోడ కింద నిలబడి ఆయనతో మాట్లాడిపోతుంటే, 1540లో పైకి, వార్ట్‌బుర్గ్ దక్షిణపు బురుజులోకి మార్చారు. ఆ బురుజుకి కింద తలుపు లేదు. నేల మధ్యలో ఒక కన్నం, అందులోంచి తాడుతో దించుతారు. కింద చీకటి, చలి. నేను ఆ కన్నం దగ్గర వంగి చూస్తే ఒళ్లు జలదరించింది. పండితులొచ్చి మనసు మార్చుకోమని ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. 1548లో ఆ గోతిలోనే పోయాడు. గోడ మీద గీకిన ఆయన పేరు తర్వాతి కాలంలో బయటపడింది. ఎలిజబెత్ ఆసుపత్రి కట్టించిన చోటనే పూడ్చారంటారు. లూథర్ కూడా ఇట్లాంటివాళ్లని శిక్షించవచ్చునన్న పత్రం మీద 1536లో సంతకం పెట్టాడు. అవునమ్మా, మన లూథరే. నేనూ ఆ చర్చి పిల్లనే, ఆ మాట చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంది. మనవాడు కాబట్టి దాచిపెడితే, ఆ రైతుని రెండోసారి గోతిలో దించినట్టే.

ఆ తర్వాత కోట పాతబడిపోయింది. 1777లో గేథె మహాకవి కొన్నాళ్లు అక్కడ ఉండి బొమ్మలేసుకున్నాడు. 1817 అక్టోబరు 18న దాదాపు 500 మంది కాలేజీ కుర్రాళ్లు ఊరేగింపుగా ఆ కొండెక్కారు. అప్పుడు జర్మనీ అంటే ఒక దేశం కాదు, ఎన్నో చిన్న చిన్న రాజ్యాలు. మాకొక దేశం కావాలి, చట్టం కావాలి, నోరు విప్పే హక్కు కావాలి అని ఉపన్యాసాలిచ్చారు. ఆ కుర్రాళ్ల సంఘాలు మోసిన నలుపూ ఎరుపూ బంగారు రంగులే ఇవాళ జర్మనీ జెండా. మంచి సంగతే. కానీ ఆ రాత్రే ఎదురు కొండ మీద మంట వేసి, తమకి గిట్టని పుస్తకాల పేర్లు చిత్తు కాగితాల కట్టల మీద రాసి తగలబెట్టారు. వాటిలో సాల్ ఆషర్ అనే యూదు రచయిత పుస్తకం ఒకటి. దేశభక్తి పేరుతో పరాయివాళ్లని ద్వేషించడం తప్పని రాసినందుకు ఆయనకి దక్కిన మర్యాద అది. ఒకే రోజు, అవే నోళ్లు! పగలు స్వేచ్ఛ అన్నారు, రాత్రి పుస్తకం కాల్చారు.

1838 నుంచి వైమార్ రాజకుమారుడు కార్ల్ అలెగ్జాండర్ పూనుకుని కోటని బాగుచేయించాడు. ఇటుకలతో మూసేసిన పాత కమానులు తెరిపించాడు. 1850ల్లో కొత్తగా ఒక పెద్ద బురుజు లేపి మీద శిలువ నిలబెట్టించాడు. మోరిట్జ్ ఫొన్ ష్విండ్ అనే చిత్రకారుడు గోడల మీద కవుల పోటీనీ ఎలిజబెత్ కథనీ బొమ్మలుగా వేశాడు. వాగ్నర్ ఆ కవుల కథని తన టన్‌హాయ్‌జర్ సంగీత నాటకంలో కలిపి 1845లో ఆడించాడు. బవేరియా రాజు రెండో లూద్విగ్ వచ్చి ఆ రాతి మేడలోని సభామండపం చూసి, అట్లాంటిదే తన నొయ్‌ష్వాన్‌స్టైన్ కోటలో కట్టించుకున్నాడు. 1938లో నాజీలు ఆ శిలువ దించి తమ గుర్తు ఎక్కించారు, జనం గొడవ చేస్తే మళ్లీ శిలువ పెట్టక తప్పలేదు. యుద్ధం అయ్యాక 1946లో రష్యా సైన్యం అక్కడి పాత కవచాలూ ఆయుధాలూ బళ్ల మీద పట్టుకుపోయింది. తూర్పు జర్మనీ రోజుల్లో ఐజెనాఖ్‌లో తయారైన కారుకి ఈ కోట పేరే పెట్టారు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఎన్ని పేర్లు గుర్తున్నాయి? చూశారా, ఎలిజబెత్ అన్నారు, లూథర్ అన్నారు, ఆ రైతు అన్నారు. ఒకతె పరాయి దేశపు పిల్ల, ఒకడు పారిపోయి వచ్చినవాడు, ఒకడు ఖైదీ. ముగ్గురిలో ఒక్కరికీ ఆ కోటలో అంగుళం సొంతం లేదు. అంత మట్టి మోయించి ఇది మాదే అని ప్రమాణాలు చేసిన వంశం నూట ఎనభై ఏళ్లలో తుడిచిపెట్టుకుపోయింది. మీరు పెద్దయ్యాక చదువులకో ఉద్యోగాలకో ఆ దేశం వెళ్తారు, ఇప్పుడు పిల్లలందరూ వెళ్తున్నారు గదా. ఆ కొండ తప్పకుండా ఎక్కండి. లూథర్ గది ఎట్లాగూ అందరూ చూపిస్తారు. దక్షిణపు బురుజు మాత్రం మీరే అడిగి వెళ్లాలి. ఏ కోటకి వెళ్లినా, కొండవీడైనా సరే, ఎవరు కట్టారు అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఎవర్ని లోపలికి రానిచ్చారు, ఎవర్ని గోతిలో దించారు, ఎవరు దిగి వెళ్లిపోవాల్సి వచ్చింది, అది కూడా అడగండి. చెప్పేవాళ్లు లేకపోతే వెతికి తెలుసుకుని, మీ పిల్లలకి మీరు చెప్పండి.